తెర మీద చూస్తే చాలదా?



ఆదివారం పూజకు ఎందుకు రాలేదని అడిగితే ఈ మధ్య మన యువతీ యువకుల నుంచి తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. "ఫోన్లో పూజ చూశాను ఫాదర్, ప్రసంగం కూడా మొత్తం విన్నాను" అంటారు. ఇది వంక అని తోసిపుచ్చడం తేలిక. కాని ఆ జవాబులో ఒక గట్టి ప్రశ్న దాగి ఉంది. వాక్యం అదే, ప్రసంగం అదే, పాటలు అవే. నిజం చెప్పాలంటే గుడిలో వెనుక స్తంభం పక్కన నిలబడ్డవానికంటే ఫోన్లో చూసేవానికే బాగా కనిపిస్తుంది, బాగా వినిపిస్తుంది. మరి గుడిదాకా రావడంవల్ల అదనంగా వచ్చేదేమిటి? చూడటానికీ, సన్నిధిలో ఉండటానికీ నిజంగా తేడా ఉందా? లేక అది పెద్దవాళ్ళ అలవాటు మాత్రమేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ వారం మిమ్మల్ని గుడికి కాకుండా మరొక చోటికి తీసుకువెళ్తాను. అది సాఫ్ట్‌వేర్ రాసేవారి మహాసభ. మన విచారణల్లో ఎన్నో ఇళ్ళ పిల్లలు ఈ పనిలో ఉన్నారు. కొందరు హైదరాబాదులో, కొందరు బెంగుళూరులో, కొందరు అమెరికాలో ఉన్నారు. దూరాన్ని దగ్గర చేసే యంత్రాలకు ప్రాణం పోసేది వాళ్ళే. మంచంలో ఉన్న అవ్వ ఫోన్లో పూజ చూడగలుగుతోందంటే అది వాళ్ళ చలవే. కనుక "తెర మీద చూస్తే చాలు, మనిషి రానక్కరలేదు" అని చెప్పగల హక్కు ఎవరికైనా ఉంటే ముందుగా వాళ్ళకే ఉండాలి. మరి వాళ్ళు తమ సొంత విషయంలో ఏం చేస్తున్నారో చూద్దాం.

రెండు నిమిషాల్లో అయిపోయిన టిక్కెట్లు

ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లకూ, ఫోన్లకూ ప్రోగ్రాములు రాసేవారికోసం ప్రతి ఏటా ఒక పెద్ద సమావేశం జరుపుతుంది. 2013లో అది అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరిగింది. సుమారు 5,000 మందికి చోటు. టిక్కెట్టు ఖరీదు 1,599 డాలర్లు. విమానం ఖర్చు, బస ఖర్చు వేరు. అంతకుముందు ఏడాది, అంటే 2012లో, ఆ టిక్కెట్లు దాదాపు రెండు గంటల్లో అమ్ముడైపోయాయి. 2013లో సుమారు రెండు నిమిషాల్లోనే అయిపోయాయి. ఆ తాకిడి తట్టుకోలేక 2014 నుంచి లాటరీ పెట్టారు. డబ్బు చేతిలో ఉన్నా చీటీలో పేరు వస్తేనే ప్రవేశం.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. 2013లో టిక్కెట్లు అమ్మకానికి పెట్టకముందే ఆ కంపెనీ ఒక మాట చెప్పింది. ఉపన్యాసాలన్నిటినీ వీడియో తీసి, సమావేశం జరుగుతూ ఉండగానే, రాలేని డెవలపర్లకు అందుబాటులో పెడతామని ప్రకటించింది. అంటే ఇంట్లో కూర్చొని అవే మాటలు వినవచ్చు, అవే బొమ్మలు చూడవచ్చు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్ళీ వినవచ్చు. ఈ సంగతి తెలిసిన ఏడాదే టిక్కెట్లు రెండు నిమిషాల్లో అయిపోయాయి!

తరువాత 2020 వచ్చింది. కరోనా మహమ్మారివల్ల మన గుళ్ళ తలుపులు మూతబడినట్లే ఈ సభల తలుపులూ మూతబడ్డాయి. బార్సిలోనాలో జరగవలసిన సెల్‌ఫోన్ల మహాసభ ఫిబ్రవరిలోనే రద్దయింది. గూగుల్ ఆ ఏడాది తన డెవలపర్ల సమావేశాన్ని పూర్తిగా మానుకున్నది. ఆపిల్ తన సమావేశాన్ని తెర మీదికి మార్చింది. టిక్కెట్టు లేదు, లాటరీ లేదు, ప్రయాణం లేదు. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. తెర మీద చూడటమే చాలునన్నది నిజమైతే, ఇంతకంటే మంచి ఏర్పాటు మరొకటి ఉండదు. అక్కడితో పాత పద్ధతి ముగిసిపోవాలి.

కాని ముగిసిపోలేదు. 2022 జూన్‌లో ఆ కంపెనీ కాలిఫోర్నియాలోని తన ప్రధాన కార్యాలయానికి కొద్దిమందిని లాటరీ పద్ధతిలో పిలిచింది. దూర ప్రాంతాలనుంచి వచ్చారు. వచ్చి ఏం చూశారు? కంపెనీ పెద్దలు ముందుకు వచ్చి కాసేపు పలకరించారు. ఆ తరువాత పెద్ద తెర మీద, ముందుగానే తీసి పెట్టుకున్న సినిమా వేశారు. అదే సినిమాను అదే గడియలో ప్రపంచమంతా తమ ఇళ్ళలో ఫోన్లమీద చూస్తున్నది. ఇంట్లో చూడగల సినిమాకోసం అంతదూరం వచ్చి, ఎండలో పక్కపక్కన కూర్చొని, కలిసి చూసి, కలిసి చప్పట్లు కొట్టారు.

ఇది అమెరికావారి ముచ్చట మాత్రమే అనుకోవద్దు. పైథాన్ అనే కంప్యూటర్ భాష రాసేవారు మన దేశంలో 2009 నుంచి ఏటా ఒక సభ జరుపుకుంటున్నారు. స్వచ్ఛందంగా పనిచేసేవారే దానిని నడుపుతారు. 2018లో అది హైదరాబాదులో జరిగింది. 2020, 2021, 2022 మూడు సంవత్సరాలు తెర మీద జరుపుకున్నారు. మూడేళ్ళు చక్కగా జరిగింది కదా, ఇక ఖర్చెందుకు అని వాళ్ళు అనుకోలేదు. 2023లో మళ్ళీ హైదరాబాదులోనే ముఖాముఖి కలుసుకున్నారు.

ఇంకా వెనక్కి వెళితే మరొక విచిత్రం కనిపిస్తుంది. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే శాస్త్రజ్ఞుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ నిపుణుల సభలో ఒక ప్రదర్శన ఇచ్చాడు. ఈనాడు మనం వాడే మౌసును ఆ రోజే అందరిముందు చూపించాడు. అంతేకాదు, ఎంతో దూరంలో తన ప్రయోగశాలలో కూర్చున్న సహచరుని ముఖాన్ని తెర మీదికి రప్పించి అతనితో మాట్లాడుతూ, ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద పనిచేసినట్లుగా పనిచేసి చూపించాడు. ఈనాటి వీడియో కాల్‌కు అది తొలి ప్రదర్శనల్లో ఒకటి. దూరంగా ఉన్నా కలిసి పనిచేయవచ్చని లోకానికి నమ్మకం కలిగించడానికి ఆయన ఏం చేశాడు? సుమారు వెయ్యి మందిని ఒకే హాలులో కూర్చోబెట్టాడు!

ఈ సభలను నేను పుణ్యక్షేత్రాలుగా పొగడటం లేదు. కంపెనీలు తమ సరుకు గొప్పదనం చాటుకోవడానికే వీటిని జరుపుతాయి. వెళ్ళేవారిలో చాలామంది మంచి ఉద్యోగం కోసమో, వ్యాపారం కోసమో వెళ్తారు. ఆ ఖర్చు భరించలేనివారు, వీసా దొరకనివారు, చీటీలో పేరు రానివారు బయటే ఉండిపోతారు. అయినా మనిషి స్వభావం గురించి ఈ సభలు ఒక సాక్ష్యం చెబుతున్నాయి. ఆ సాక్ష్యం మనం వినదగినది.

వరండాలో జరిగేది

ఈ సభలకు వెళ్ళి వచ్చినవారిని అడిగి చూడండి. "ఏ ఉపన్యాసం బాగుంది?" అంటే కాస్త ఆలోచించి చెబుతారు. "ఎవరిని కలిశావు?" అంటే వెంటనే ముఖం వెలుగుతుంది. వాళ్ళ పరిభాషలో 'హాల్‌వే ట్రాక్' అనే మాట ఉంది. మన మాటల్లో చెప్పాలంటే వరండా ముచ్చట్లు. కార్యక్రమ పత్రంలో అది ఎక్కడా అచ్చుకాదు. దానికి వేళ లేదు, వక్త లేడు. టీ కప్పు పట్టుకొని నిలబడ్డప్పుడు, భోజనాల వరుసలో ఉన్నప్పుడు జరిగేదే అది. కాని మా అసలు లాభం అక్కడే ఉందని వాళ్ళే చెబుతారు.

ఆపిల్ సమావేశంలో మరొక ఏర్పాటు ఉండేది. ప్రోగ్రాము రాసేవాడు తన కంప్యూటర్ పట్టుకొని వెళ్ళి, ఆ కంపెనీ ఇంజనీరు పక్కన కూర్చోవచ్చు. నెలల తరబడి తెగని చిక్కు ఉంటుంది. ఉత్తరంలో రాద్దామంటే ఏమని రాయాలో తెలియదు, ఎందుకంటే తప్పు ఎక్కడుందో తనకే తెలియదు. పక్కన కూర్చున్న ఇంజనీరు ఒక్కసారి తెర వంక చూసి, "నువ్వు అడుగుతున్నది అసలు చిక్కే కాదయ్యా, చిక్కు ఇదిగో ఇక్కడుంది" అంటాడు. అడగని ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మన ఊళ్ళల్లో ఇది మనకు తెలియనిది కాదు. కడుపునొప్పి అని వెళ్ళిన రోగి కళ్ళు చూసి, గోళ్ళు చూసి, డాక్టరుగారు వేరే జబ్బు పట్టుకోవడం మనం ఎరుగుదుము. కడుపునొప్పి అని ఫోన్లో చెప్పి ఉంటే కడుపునొప్పికే మందు వచ్చేది.

దీనిలో ఒక సూత్రం ఉంది. చెప్పాలని ముందుగా నిర్ణయించుకున్నది తెర గుండా చక్కగా ప్రయాణం చేస్తుంది. ఎవరూ ముందుగా అనుకోనిది మాత్రం మనుషులు ఒకచోట ఉన్నప్పుడే ఎక్కువగా జరుగుతుంది. మొదటిదానికి సమాచారం అని పేరు. రెండవదానికి సన్నిధి అని పేరు పెట్టుకుందాం.

తత్త్వవేత్తలు చెప్పింది

ఈ తేడా కొత్తగా కనిపెట్టింది కాదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ స్నేహాన్ని గురించి రాస్తూ, కలిసి ఉప్పు తినకముందు ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎరుగరన్న తన కాలపు సామెతను గుర్తు చేశాడు. మనమూ 'ఉప్పు తిన్న విశ్వాసం' అంటాము. ఎక్కడో గ్రీసు దేశం, ఎక్కడో మన కృష్ణా గోదావరి తీరాలు. రెండుచోట్లా పెద్దలు నమ్మకాన్ని మాటలతో కాక ఉప్పుతో కొలిచారు. దూరం స్నేహాన్ని తెంచదు గాని స్నేహం చేసే పనిని ఆపుతుందనీ, ఆ ఎడబాటు మరీ సాగితే స్నేహమే మరుపున పడవచ్చుననీ ఆయన అన్నాడు. 'కంటికి దూరమైతే మనసుకు దూరం' అన్న మన మాట కూడా అదే.

పునీత తోమాసు అక్వినాసు ఇంకొక అడుగు ముందుకు వేశారు. మనిషి అంటే ఒక దేహంలో తాత్కాలికంగా అద్దెకు దిగిన ఆత్మ కాదని ఆయన బోధించారు. ఆత్మ ఒక్కటే 'నేను' కాదు. ఆత్మా దేహమూ కలిస్తేనే నేను. అందుకే మనం దేహపు పునరుత్థానాన్ని విశ్వసిస్తున్నాము. "నా మనసు పూజలో ఉంది, ఒళ్ళు మాత్రం మంచం మీద ఉంది" అని ఆరోగ్యవంతుడు చెప్పితే, ఆయన దృష్టిలో సగం మనిషి రాలేదని అర్థం.

ఇరవయ్యవ శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త గాబ్రియేల్ మార్సెల్ ఈ విషయాన్ని తన జీవితంలోనే తెలుసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన రెడ్‌క్రాసులో పనిచేశాడు. యుద్ధంలో కనబడకుండా పోయిన సైనికుల ఆచూకీ వెతికి వారి కుటుంబాలకు చెప్పడం ఆ పని. ప్రతి సైనికునికీ ఒక కార్డు. కార్డు మీద కొన్ని వివరాలు. కాని ఆ సైనికుని తల్లో, భార్యో వచ్చి ఎదుట నిలబడినప్పుడు ఆ కార్డు కార్డుగా మిగలలేదు. అది ఒక మనిషి అయింది. కార్డు మీది వివరాలు ఒక్క అక్షరం కూడా మారలేదు. మారింది వాటిని పట్టుకున్నవాని హృదయం. తరువాత 1929లో మార్సెల్ జ్ఞానస్నానం పొంది కథోలికుడయ్యాడు. సన్నిధి అంటే ఏమిటన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వదలలేదు. తన సమయాన్నీ తననూ ఎదుటివానికి అందుబాటులో ఉంచడమే నిజమైన సన్నిధి అని ఆయన తేల్చాడు.

ఇక్కడే మన ప్రశ్న మలుపు తిరుగుతుంది. "తెర మీద చూస్తే చాలదా?" అని అడిగేవాడు, "నాకేం దొరుకుతుంది?" అని ఆలోచిస్తున్నాడు. వాక్యం దొరికింది, ప్రసంగం దొరికింది, పాట దొరికింది. ఇంకేం కావాలి? లెక్క సరిగానే ఉంది. అయితే ఇది ప్రేక్షకుడు వేసే లెక్క. కుటుంబ సభ్యుడు అడగవలసిన ప్రశ్న వేరు. "నేను ఎవరికి దొరుకుతాను?"

ఫోన్లో చూసేవాడు ఎవరికీ దొరకడు. నచ్చకపోతే ఆపేస్తాడు, పొడుగైతే ముందుకు జరుపుతాడు. అతని పక్కన ఎవరూ దగ్గరు, ఏడవరు. ఎవరూ సమాధానపు చెయ్యి చాపరు. పూజ తరువాత ఎవరూ అతన్ని ఆపి, "బాబూ, మా ఆయనను ఆసుపత్రిలో చేర్చారు, కాస్త తోడు వస్తావా?" అని అడగలేరు. అతను చెడ్డవాడని కాదు. ఆ చోట అతను లేడు, అంతే. గుడికి వచ్చినవానికి ఈ రక్షణ లేదు. అతన్ని ఎవరైనా ఏదైనా అడగవచ్చు. సన్నిధి బరువు అది. దాని మహిమ కూడా అదే.

అపొస్తలుల మార్గం

పరిశుద్ధ గ్రంథం ఈ విషయంలో మౌనంగా లేదు. అపొస్తలులు ఉత్తరాలు రాశారు. ఆ కాలానికి అవే దూరాన్ని దాటే సాధనాలు. వాటిని తిరుసభ ఈనాటికీ పూజలో చదువుతున్నది. కనుక దూరం నుంచి వచ్చే మాటను మనం తక్కువ చేయరాదు. కాని యోహానుగారి రెండవ లేఖ, మూడవ లేఖ ముగింపులు తీసి చూడండి. రాయవలసింది ఇంకా చాలా ఉన్నదనీ, అయినా కాగితం, సిరా వాడటం ఇష్టం లేదనీ, వచ్చి ముఖాముఖి మాట్లాడాలని ఆశిస్తున్నాననీ అంటారు. రోమా విశ్వాసులకు అంత పెద్ద లేఖ రాసిన పౌలుగారు కూడా మొదట్లోనే, మిమ్మల్ని చూడాలని ఎంతో కోరికగా ఉన్నదని చెప్పుకున్నారు. లేఖ రాకకు ముందు నడిచే దూత. రాకకు బదులు కాదు.

పునీత తోమాగారి సంగతి ఇంకా చక్కగా ఉంటుంది. పునరుత్థాన దినాన ప్రభువు వచ్చినప్పుడు ఆయన అక్కడ లేరు. తరువాత మిగిలిన శిష్యులు జరిగినదంతా చెప్పారు. అంటే సమాచారం పూర్తిగా అందింది. చెప్పినవారు తనతో మూడేళ్ళు ఉప్పు తిన్నవారే. అయినా అది చాలలేదు. ఎనిమిది రోజుల తరువాత ప్రభువు మళ్ళీ వచ్చారు. తోమాగారు ఒంటరిగా ఉన్నచోటికి కాదు, ఆయన తోటివారితో కలిసి ఉన్న ఇంటికి వచ్చారు. ఇది మనం సాధారణంగా గమనించని సంగతి. ఆ తోమాగారే తరువాత మన దేశానికి వచ్చి, మైలాపూరులో ప్రాణం అర్పించారని మన సంప్రదాయం. విన్న మాట ఒక్కటే చాలదని తెలిసినవారు కనుక, మనకు కబురు పంపి ఊరుకోలేదు. తామే వచ్చారు.

సర్వేశ్వరుడు చేసిందీ అదే. ప్రవక్తల ద్వారా ఎన్నో శతాబ్దాలు మాట పంపారు. చివరకు మాటే మనిషియై వచ్చి మన మధ్య కాపురమున్నది. సమాచారంతోనే రక్షణ కలిగేటట్లయితే బేత్లెహేము అవసరం లేకపోయేది. అందుకే దివ్యసంస్కారాలన్నీ దేహాన్ని తాకేవే. నీరు తల మీద పడాలి, తైలం నుదుటికి అంటాలి, అప్పం నోటిలోకి రావాలి. ఇంటర్నెట్ ద్వారా దివ్యసంస్కారాలు లేవని 2002లోనే వాటికన్ ఒక పత్రంలో స్పష్టం చేసింది. 2020 ఏప్రిల్ 17న అప్పటి జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు, తెర మీద పూజలు జరుగుతున్న ఆ కష్టకాలంలోనే, ఇది సొరంగంలో నడక వంటిదనీ, అక్కడే ఉండిపోరాదనీ, ప్రజలూ దివ్యసంస్కారాలూ కలిసి ఉండటమే తిరుసభ లక్షణమనీ హెచ్చరించారు.

రాలేనివారి మాట

ఇంతవరకు చదివి, మంచాన పడినవారు, ముసలివారు, పసిబిడ్డ తల్లులు, ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ చేసే నర్సులు మనసు నొచ్చుకోరాదు. ఈ మాటలు మీకోసం కాదు. గట్టి కారణం ఉన్నవారికి ఆదివారపు బాధ్యత నుంచి తిరుసభే మినహాయింపు ఇస్తున్నది. 1252లో అస్సీసీ పునీత క్లారమ్మ జబ్బుతో క్రిస్మస్ రాత్రి గుడికి వెళ్ళలేకపోయారు. అక్కడ జరుగుతున్న ఆరాధన ఆమెకు తన గదిలోనే కనిపించిందని, వినిపించిందని సంప్రదాయం. దానిని బట్టే 1958లో పన్నెండవ పయస్ పోపుగారు ఆమెను టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా ప్రకటించారు. పారిస్‌లోని నోటర్‌డామ్ దేవాలయం నుంచి 1948 క్రిస్మస్ నడిరేయి పూజను టెలివిజన్‌లో ప్రసారం చేశారు. అంటే తెరను తిరుసభ ఏనాడూ శత్రువుగా చూడలేదు. రాలేనివానికి తెర ఒక ఊతకర్ర. దానికోసం దేవునికి వందనాలు చెప్పాలి. కాళ్ళు బాగున్నవాడు ఊతకర్ర మీదే నడుస్తానంటే మాత్రం కొన్నాళ్ళకు కాళ్ళు బలం తప్పుతాయి.

దూరదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకూ, ఆ పిల్లలకూ కూడా ఒక మాట. ప్రతి రాత్రి వీడియో కాల్ చేసే బిడ్డ మంచి బిడ్డ. ఆ పిలుపు కోసం గోడ గడియారం చూస్తూ కూర్చునే తల్లులు ప్రతి విచారణలోనూ ఉన్నారు. వీసా చిక్కులవల్ల తండ్రి సమాధి కార్యక్రమాన్ని ఫోన్లో చూడవలసి వచ్చిన కొడుకుల దుఃఖం మాటలకు అందదు. వారిని ఎవరూ తప్పు పట్టరాదు. కాని రాగలిగినవారు ఒక్కసారి తమ మనసును తామే అడిగి చూసుకోవాలి. కంపెనీ పంపితే సభకోసం రెండు రోజులు విమానంలో కూర్చుంటాము. అక్కడ తెర చాలదని మనకు బాగా తెలుసు. మరి అమ్మ కంటి ఆపరేషనుకు తెర చాలునని ఎందుకు అనుకుంటున్నాము? వృత్తి విషయంలో ఒక సత్యం, అమ్మ విషయంలో మరొక సత్యం ఉండవు కదా.

మన గుడిలో వరండా ఉందా?

ఇప్పుడు రెండవ వైపు కూడా చూడాలి. ఒళ్ళు గుడిలో ఉన్నంత మాత్రాన మనిషి వచ్చినట్లు కాదు. ఆ పెద్ద సభల్లో కూడా హాలులో కూర్చొని ఒళ్ళోని కంప్యూటర్లో ఆఫీసు ఉత్తరాలు చూసుకునేవారు ఉంటారు. మన గుళ్ళలో ప్రసంగం మొదలు కాగానే చెట్టుకిందికి వెళ్ళి, సత్ప్రసాదం వేళకు తిరిగి వచ్చేవారు ఉంటారు. చివరి ఆశీర్వాదం పూర్తికాకముందే మోటారు సైకిళ్ళు కదులుతాయి.

ఆ సభల్లో ఒక చిన్న ఆచారం ఉంది. వచ్చిన ప్రతివారి మెడలో పేరు రాసిన కార్డు వేలాడుతుంది. ముక్కు మొహం ఎరుగనివారు కూడా కార్డు చూసి పేరు పెట్టి పిలిచి, "మీరేం పని చేస్తారు?" అని మాట కలుపుతారు. మన సంగతి ఏమిటి? పని కోసం పక్క జిల్లా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆరు నెలలుగా మన గుడికి వస్తూ ఉంటుంది. వాళ్ళ పేరేమిటో, పిల్లలెంతమందో, ఏ వాడలో అద్దెకున్నారో ఎంతమందికి తెలుసు? గురువులు, సిస్టర్లు, ఉపదేశులు, సంఘ పెద్దలు, పాటల బృందంవారు అందరూ ఆలోచించవలసిన విషయం ఇది.

ఎందుకంటే ఫోన్లో పూజ చూసే యువకుని మాటలో ఒక న్యాయం ఉంది. అతను గుడికి వచ్చి, ఒక మూల కూర్చొని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఎవరికీ దొరకకుండా వెళ్ళిపోయేటట్లయితే, సత్ప్రసాదం తప్ప మిగిలినదంతా అతను ఇంట్లో ఇంకా స్పష్టంగా చూడగలడు. సత్ప్రసాదం తీసుకోవడం గొప్ప భాగ్యమే, దానికి సాటి లేదు. కాని ఆ అప్పం మనందరినీ ఒకే శరీరం చేయడానికే ఇవ్వబడింది. ఒకే శరీరమని చెప్పుకుంటూ ఒకరి పేరు ఒకరికి తెలియకపోతే ఎలా? గుడిని ప్రేక్షకశాలగా మార్చి, మన పిల్లలు ప్రేక్షకులు అయ్యారని వాపోవడం తగదు.

కనుక ఈ వారానికి రెండు చిన్న పనులు. ఇంట్లో కూర్చొని పూజ చూసే ఆరోగ్యవంతులు వచ్చే ఆదివారం గుడికి రండి. ఏం దొరుకుతుందా అని కాక, ఎవరికి దొరుకుదామా అని రండి. ఎప్పుడూ వచ్చేవారు పూజ అయ్యాక పది నిమిషాలు వరండాలో ఆగండి. పేరు తెలియని ఒక్కరిని పేరు అడగండి. రెండు వారాలుగా కనబడని అవ్వ ఎలా ఉందో పక్కింటివారిని అడగండి. ఆమె మంచంలో ఉంటే, సత్ప్రసాదం ఇంటికి తీసుకురావాలని గురువులకు కబురు చెప్పండి. ఆమె దగ్గర ఫోన్ ఉన్నదని ఊరుకోవద్దు.

ఆ పెద్ద సభలకు 1,599 డాలర్లు పెట్టడానికి సిద్ధపడి కూడా లాటరీలో పేరు రాక వెనక్కి తిరిగినవారు ఉన్నారు. ప్రభువు బల్లకు టిక్కెట్టు లేదు, లాటరీ లేదు, వీసా లేదు. ప్రతి ఆదివారం మన పేరు చీటీలో వచ్చినట్లే. ఆయన తమ సన్నిధిని మనకు ఇచ్చారు. మన సన్నిధిని ఒకరికొకరం ఇచ్చుకునే మనసు ఆయనే మనకు దయచేయుదురు గాక. ఆమెన్.